సగటు చెప్పని సంగతులు

ఏ ఊరిని గూర్చి ఎవరు అడిగినా మొదట వచ్చే ప్రశ్నలు రెండు. అక్కడ ఎండలు ఎలా ఉంటాయి? వానలు ఎలా పడతాయి? ఈ రెండు ప్రశ్నలకూ అంకెలలో సమాధానం చెప్పే విద్యను మానవుడు నేర్చి ఎంతో కాలం కాలేదు. ఆ అంకెలను ఒకే కాగితంపైకి ఎక్కించి, పన్నెండు నెలల ఉష్ణోగ్రతను ఒక గీతగానూ, పన్నెండు నెలల వర్షపాతాన్ని పన్నెండు కమ్మీలుగానూ చూపే చిత్రమే శీతోష్ణస్థితి రేఖాచిత్రం. మన విద్యార్థులు దీనిని ఉన్నత పాఠశాలలోనే గీస్తారు. ఎరుపు పెన్సిలుతో గీత, నీలం పెన్సిలుతో కమ్మీలు, పక్కన సూచిక. మార్కులు వేయించుకోగానే ఆ కాగితం సంగతి మరచిపోతారు. అలా మరచిపోదగిన పాఠం అది కాదనీ, ఒకవైపు గౌతమి, మరొకవైపు వశిష్ఠ పారుతూ ఉండగా నడుమ నివసించే రావులపాలెం వాసులకు ఇంతకంటె ముఖ్యమైన పాఠం అరుదనీ నా అభిప్రాయం.

తెలుగు బోధించేవాడికి భూగోళశాస్త్రంతో పని ఏమిటని కొందరికి తోచవచ్చు. తొలకరి, ముసురు, జడివాన, వడగాడ్పు, మంచుతెర అన్న మాటలను వదిలివేస్తే తెలుగు సాహిత్యంలో ఋతువర్ణన మిగలదు. ‘మౌసిమ్’ అన్న అరబ్బీ మాట లేకపోతే ఉర్దూ కవిత్వంలోని ‘మౌసమ్’ లేదు. అరబ్బు నావికుల నోట పలికిన ఆ మాటే పోర్చుగీసు వారి మీదుగా ప్రయాణించి ఆంగ్లంలో ‘మాన్సూన్’ అయినదని భాషావేత్తలు చెబుతారు. ఈ సంచికను తిరగవేసే ఇరు భాషల పాఠకులకూ వాన అన్నది ఉమ్మడి ఆస్తి. కనుక దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పే సాహసం చేస్తున్నాను.

సంగతి ఒక చిన్న పోలికతో ప్రారంభిద్దాము. లండన్ నగరంలో ఏడాదికి కురిసే వాన సుమారు 600 మిల్లీమీటర్లు. అనంతపురంలో కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. రెండు అంకెలకూ భేదం చాలా స్వల్పం. కేవలం ఈ సగటులనే చూచినవాడు ఈ రెండు ఊళ్లూ అన్నదమ్ములే అనుకొనే ప్రమాదం ఉన్నది. లండన్‌లో ఏడాది పొడవునా పచ్చిక ఆరదు. అనంతపురం పేరు చెప్పగానే కరవు గుర్తుకు వస్తుంది. ఇంత వ్యత్యాసానికి కారణం సగటు అంకెలో ఎంత వెదకినా దొరకదు. గ్రాఫు గీస్తే క్షణంలో దొరుకుతుంది. లండన్ గ్రాఫులో పన్నెండు కమ్మీలూ ఇంచుమించు ఒకే ఎత్తున, సైనికుల వరుసవలె నిలబడి ఉంటాయి. ఉష్ణోగ్రత గీత జనవరిలో 5, 6 డిగ్రీల దగ్గర మొదలై జూలైలో 18, 19 డిగ్రీలకు మించి పైకి పోదు. అనంతపురం గ్రాఫులో వాన అంతా ఏడాది రెండవ సగంలో, ముఖ్యంగా సెప్టెంబరు, అక్టోబరు నెలల చుట్టూ పోగుపడి ఉంటుంది. ఉష్ణోగ్రత గీత మాత్రం ఏడాది పొడవునా పైనే వ్రేలాడుతుంది. అక్కడ పడిన వానలో అధికభాగాన్ని ఎండ తాగివేస్తుంది; లండన్‌లో పడిన వాన నేలకు దక్కుతుంది.

ఎండ ఎంత తాగుతుంది, నేలకు ఎంత దక్కుతుంది అన్న ప్రశ్నకు ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు హెన్రీ గోసెన్, ఆయన సహచరుడు బాగ్నూల్స్ 1953లో ఒక సులభసూత్రం చెప్పారు. ఒక నెలలో కురిసిన వాన మిల్లీమీటర్లలో, ఆ నెల సగటు ఉష్ణోగ్రతకు రెట్టింపు కంటె తక్కువైతే ఆ నెల పొడినెల. 30 డిగ్రీల వేడి ఉన్న నెలకు 60 మిల్లీమీటర్ల వాన కావాలన్నమాట. 1960 నుంచి వాల్టర్, లీత్ అనే శాస్త్రజ్ఞులు ఈ సూత్రం ఆధారంగానే ప్రపంచమంతటి ఊళ్లకూ గ్రాఫులు గీసి అట్లాసుగా వెలువరించారు. ఎడమవైపు 10 డిగ్రీలు ఉన్నచోటనే కుడివైపు 20 మిల్లీమీటర్లు ఉండేటట్లు కొలతలు పెడితే, వాన ఉష్ణోగ్రత గీతకు పైన ఉన్న నెలలు తడినెలలని, క్రింద ఉన్న నెలలు పొడినెలలని కంటితోనే తెలిసిపోతుంది. ఈ సూత్రం ప్రకారం లండన్‌లో ఒక్క పొడినెల కూడా లేదు. అనంతపురంలో సగానికి మించిన నెలలు పొడినెలలే. విద్యార్థులు గుర్తుంచుకోవలసిన మాట ఇంకొకటి ఉన్నది. రెండు ఊళ్లను పోల్చేటప్పుడు రెండు గ్రాఫులకూ ఒకే కొలత ఉండాలి. ఒక కాగితంపై అంగుళానికి 50 మిల్లీమీటర్లు, మరొక కాగితంపై అంగుళానికి 200 మిల్లీమీటర్లు పెట్టి గీస్తే అనంతపురం కూడా చిరపుంజివలె కనిపిస్తుంది.

ఇక మన తెలుగువారికి పరిచయమైన మూడు ఊళ్లను పక్కపక్కన నిలుపుదాము. హైదరాబాదులో ఏడాది వర్షపాతం సుమారు 800 మిల్లీమీటర్లు. మన కోనసీమ ప్రాంతానికి సుమారు 1,100 నుంచి 1,200. చెన్నైలో సుమారు 1,400. (ముంబైలో జూలై ఒక్క నెలలోనే హైదరాబాదు ఏడాది వానతో ఇంచుమించు సమానమైన వాన కురుస్తుందన్నది ఇక్కడ గమనార్హం.) హైదరాబాదు కమ్మీలు జూన్‌లో లేచి, జూలై నుంచి సెప్టెంబరు వరకు ఎత్తుగా నిలిచి, అక్టోబరులో తగ్గి, నవంబరుకు నేలకు దిగుతాయి. నైరుతి ఋతుపవనం ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయినదో ఆ చిత్రంలో స్పష్టం. చెన్నై కథ పూర్తిగా వేరు. జూన్‌లో అక్కడ కమ్మీ చిన్నది, అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో ఈశాన్య ఋతుపవనం వీచినప్పుడు కమ్మీలు ఆకాశాన్ని అంటుతాయి, నవంబరు శిఖరం. ఈ రెండు ఊళ్ల నడుమ ఉన్న మన కోస్తా గ్రాఫును చూడండి. మనకు దగ్గరి వాతావరణ కేంద్రాలలో ఒకటి కాకినాడలో ఉన్నది. అక్కడి కమ్మీలు జూన్‌లో హైదరాబాదువలె లేస్తాయి, కాని సెప్టెంబరు తరువాత హైదరాబాదువలె వాలవు. అక్టోబరు కమ్మీ జూలై, ఆగస్టు కమ్మీలతో భుజం కలిపి నిలుస్తుంది. రెండు ఋతుపవనాలూ మన ఇంటి గడప తొక్కిపోతాయి. మనకు తడినెలలు జూన్ నుంచి నవంబరు వరకు. పొడినెలలు డిసెంబరు నుంచి మే వరకు.

ఆ అక్టోబరు కమ్మీని మన రైతు ఏ కళాశాలలోనూ చదువకుండానే ఎరుగును. సార్వా వరి ఈనిక నుంచి కోతకు వచ్చే కాలం అది. హైదరాబాదు గ్రాఫు ప్రకారం పంట వేసుకున్నవాడికి అక్టోబరు చివర కోతకాలం నిర్మలంగా ఉంటుంది. మన గ్రాఫు ప్రకారం అదే కాలంలో చేను నీట పడుకుంటుంది. పైగా మన తీరానికి పెనుతుఫానుల కాలమూ అదే. 1839 నవంబరులో కోరంగిని ముంచిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చివేసిన ఉప్పెన, 1996 నవంబరు 6న వేయిమందికి పైగా ప్రాణాలను బలిగొని, కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చిన తుఫాను, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపంలో తీరం దాటిన మొంథా తుఫాను — ఈ తేదీలన్నీ గ్రాఫులోని రెండు కమ్మీల మీదనే పడినవి. ఇందులో కాకతాళీయం ఏమీ లేదు. వర్షాకాలం వెనుదిరిగే ఆ రెండు నెలలలో బంగాళాఖాతం ఇంకా వెచ్చగా ఉండి, తుఫాను పుట్టుకకు అనువైన గాలి పరిస్థితులు ఏర్పడతాయి.

ఈ కారణం చేతనే సార్వా పంట నెలరోజులు ముందుకు జరగాలని, అందుకు కాలువలకు నీరు జూన్ ఆరంభంలోనే వదలాలని డెల్టా రైతులు చాలాకాలంగా కోరుతూ వచ్చారు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంటవిరామం ప్రకటించి వేలాది ఎకరాలను బీడు పెట్టిన సంగతి దేశమంతటా మారుమ్రోగింది. గిట్టుబాటు ధర లేకపోవడం, కూలి ఖర్చులు పెరగడం అందుకు ప్రధాన కారణాలు. మురుగుకాలువలు పూడిపోయి కోతకు వచ్చిన చేలు మునగడం మరొక కారణం. 2022లో జూన్ 1వ తేదీనే గోదావరి డెల్టాకు నీరు విడుదల చేశారు. నెలరోజుల జరుపు అన్నది వినడానికి చిన్న మాట. గ్రాఫు ముందు పెట్టుకొని చూస్తే ఆ నెల విలువ తెలుస్తుంది: కోత అక్టోబరు కమ్మీకి ఇవతల పడుతుందా, కమ్మీ క్రింద పడి నలుగుతుందా అన్నది ఆ నెలలోనే తేలుతుంది. ఇంతటి నిర్ణయానికి ఆధారమైన చిత్రాన్ని మన పిల్లలు మార్కుల కోసమే గీసి వదిలివేయడం విచారకరం.

మన గ్రాఫులో మరొక వింత ఉన్నది. డిసెంబరు నుంచి మే వరకు ఆరు నెలలు పొడినెలలని చెప్పుకున్నాము. ఆ చిత్రాన్ని మాత్రమే చూచిన పరదేశి ఎవరైనా, ఈ ఆరు నెలలూ ఇక్కడ నేల నెర్రెలు విచ్చి ఉంటుందని తీర్మానిస్తాడు. అతడు ఫిబ్రవరిలో జాతీయ రహదారిపై జొన్నాడ వంతెన దాటి వస్తే ఏం చూస్తాడు? కనుచూపు మేర దాళ్వా వరి. ఇరువైపులా అరటితోటలు. రావులపాలెం యార్డులో చక్రకేళి, కర్పూరం, అమృతపాణి గెలలు లారీలకు ఎక్కుతూ ఉంటాయి. గ్రాఫు అబద్ధమాడినదా? ఆడలేదు. గ్రాఫుకూ చేనుకూ నడుమ ఒక ఆనకట్ట ఉన్నది. 1833 నాటి ఘోరమైన కరవు కాలంలో గోదావరి ఒడ్డున ఉన్న ప్రాంతాలు కూడా ఆకలితో అలమటించాయి. నది పారుతూనే ఉన్నది, పొలానికి నీరు ఎక్కలేదు. 1847లో ప్రారంభమై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఆ కథను మార్చినది. దాని స్థానంలో వచ్చిన నేటి బ్యారేజికి కాటన్ దొర పేరే పెట్టారు.

కాని ఆనకట్ట నీటిని పుట్టించలేదు. ఎక్కడో కురిసిన నీటిని మళ్లిస్తుంది. దాళ్వా కాలంలో గోదావరిలో సహజమైన ప్రవాహం తగ్గిపోయినప్పుడు, సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి విడుదలయ్యే నీరు శబరి ద్వారా గోదావరిలో కలిసి మన కాలువలను ఆదుకుంటున్నది. అంటే మన ఫిబ్రవరి చేను పచ్చదనం, అంతకు ముందటి జూలై, ఆగస్టు నెలలలో ఒడిశా సరిహద్దు కొండలలో పడిన వానపై ఆధారపడి ఉన్నది. మన పొడినెలల భోగట్టా మన గ్రాఫులో దొరకదు, ఆ కొండల గ్రాఫులో దొరుకుతుంది. వేర్వేరు ఊళ్ల గ్రాఫులను పోల్చి చదవమని నేను పదేపదే అనడానికి మొదటి కారణం ఇదే.

రెండవ కారణం వరద. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగుల ఎత్తుకు పొంగినప్పుడు, ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కుల నీరు సముద్రంలోకి పరుగెత్తినప్పుడు, లంక గ్రామాల గతి ఏమైనదో పెద్దలు నేటికీ చెబుతారు. 2022 జూలై 16న భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరినది. ధవళేశ్వరం దాటిన ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులకు పైమాటే. ఇంతటి నీరు రావులపాలెంలో కురిసిన వాన వల్ల రాలేదు. త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి వచ్చే నది మన వాకిట ముగుస్తున్నది. వార్ధా, వైన్‌గంగలు కలిసిన ప్రాణహిత విదర్భ వానను మోసుకువస్తుంది. ఇంద్రావతి బస్తరు వానను మోసుకువస్తుంది. నాగపూరు గ్రాఫులో జూలై కమ్మీ 300 మిల్లీమీటర్లను దాటుతుంది. జగదల్‌పూరు గ్రాఫులో జూలై, ఆగస్టు రెండు కమ్మీలూ 300 దాటుతాయి. ఈ రెండు గ్రాఫులను మన గ్రాఫు పక్కన అంటించి చూడండి: మన ఊరిలో ఓ మోస్తరు జల్లు పడుతున్న జూలై దినాన, ఎండ కూడా కాస్తున్న ఆగస్టు దినాన, గౌతమి ఎర్రబారి లంకలను ఎందుకు ముంచుతుందో మాటలు అక్కరలేకుండా అర్థమవుతుంది. లంకలోని విద్యార్థి తన ఇంటి గుమ్మానికి ఎంత దూరాన నీరు ఆగుతుందో తెలుసుకోవాలంటే తన ఊరి వాననే లెక్కపెట్టుకొని కూర్చుంటే చాలదు.

మూడవ కారణం, మన కుటుంబాలకు మరింత సన్నిహితమైనది. కోనసీమ నుంచి కువైట్, మస్కట్, దుబాయిలకు ఎంతమంది స్త్రీపురుషులు పనికి వెళ్లారో నేను వేరే చెప్పనక్కరలేదు. అక్కడి ఎండ ఇక్కడి ఎండవంటిదే అనుకొని వెళ్లేవారు ఉన్నారు. కువైట్ గ్రాఫును మన గ్రాఫు పక్కన పెడదాము. మన గీత జనవరిలో 23, 24 డిగ్రీల దగ్గర ఉండి, మే నెలలో 32, 33కు ఎక్కి, తొలకరితో దిగుతుంది. దాని ఎగుడుదిగుడు పది డిగ్రీలకు లోపే. కువైట్ గీత జనవరిలో 13 డిగ్రీల చలిలో మొదలై జూలైలో 38 డిగ్రీల సగటుకు ఎగబ్రాకుతుంది. ఇది రాత్రింబవళ్ల సగటు అని మరువరాదు. పగటి ఎండ 46 డిగ్రీల దాపుకు పోవడం అక్కడ సామాన్యం. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైనది. ఆసియా ఖండంలో ధ్రువపడిన అత్యధిక ఉష్ణోగ్రత అదేనని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. మనకు మే తరువాత మృగశిర వచ్చి చల్లబరుస్తుంది. అక్కడి గ్రాఫులో జూన్ నుంచి సెప్టెంబరు వరకు వర్షపు కమ్మీయే లేదు. కనుకనే ఆ దేశంలో జూన్ నుంచి ఆగస్టు వరకు పగలు 11 నుంచి 4 గంటల దాకా ఆరుబయట పని చేయించరాదన్న నిబంధన ఉన్నది. ప్రయాణానికి సిద్ధమవుతున్న అన్నకో, అక్కకో మన విద్యార్థి ఈ రెండు గ్రాఫులను చూపి, ఏ నెలలో చేరితే శరీరం అలవాటు పడుతుందో, ఏ నిబంధన తనకు రక్షణగా ఉన్నదో చెప్పగలిగితే, ఆ చదువుకు సార్థకత ఉన్నట్టే.

గ్రాఫు అడుగున వరుసగా వ్రాసే నెలల పేర్లను గూర్చి కూడా ఒక మాట చెప్పాలి. హిజ్రీ సంవత్సరం చంద్రుని ననుసరించినది. సౌరసంవత్సరం కంటె సుమారు పదకొండు రోజులు చిన్నది. 1983లో రంజాన్ మాసం జూన్ ఎండలలో వచ్చినది; 2000 నాటికి నవంబరు చివరకు జరిగినది; 2016లో మళ్లీ జూన్‌కు చేరినది. ఇంచుమించు 33 ఏండ్లలో ప్రతి హిజ్రీ మాసమూ అన్ని ఋతువులనూ చుట్టివస్తుంది. ఆ మాసాలను అడుగున వ్రాసి, అన్ని ఏండ్ల వానకూ సగటు కట్టి గ్రాఫు గీస్తే పన్నెండు కమ్మీలూ సమానమై, మన కోనసీమ కూడా లండన్‌వలె కనిపిస్తుంది. ఈ చిక్కును దక్కనును, హిందుస్థానాన్ని ఏలిన పాలకులు ముందే ఎరుగుదురు. పండుగలకు, ప్రార్థనలకు హిజ్రీని ఉంచుకొని, శిస్తు వసూలుకు మాత్రం అక్బరు కాలం నుంచి ఫసలీ అనే వేరు సంవత్సరాన్ని ఏర్పరచారు. ‘ఫసల్’ అంటే ఋతువు, పంట. మన ప్రాంతంలో జూలై 1న మొదలయ్యే ఆ ఫసలీ లెక్క రెవెన్యూ అడంగళ్లలో నిలిచినది.

తెలుగు రైతు చేసిన ఏర్పాటు ఇంకా సూక్ష్మమైనది. అతడు సూర్యుని ననుసరించి ఏడాదిని 27 కార్తెలుగా విభజించాడు. ఒక్కొక్క కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు. రోహిణిలో రోళ్లు పగిలే ఎండ, మృగశిరలో తొలకరి, ఆర్ద్రలో నాట్లు — ఇలా ప్రతి కార్తెకూ ఎండవానల గుణం ఒకటి చెప్పి ఉంచాడు. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న సామెతలో సెప్టెంబరు మధ్య నాటికి వాన పడకపోతే ఊరు విడవక తప్పదన్న హెచ్చరిక ఉన్నది. కాగితం, పెన్సిలు లేకుండా నోటిమాటలతో గీసిన 27 కమ్మీల గ్రాఫు ఇది. దానిని మూఢనమ్మకమని తోసివేయడం కంటె, కొలిచిన అంకెల పక్కన పెట్టి ఏ సామెత నిలుస్తుందో, ఏది నిలువదో పరీక్షించడం విద్యావంతులకు తగిన పని.

గ్రాఫుకు హద్దులు లేకపోలేదు. అది ముప్పై ఏండ్ల సగటు మాత్రమే. హైదరాబాదు గ్రాఫులో సెప్టెంబరు కమ్మీని చూచినవాడికి 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాదిమందిని పొట్టన పెట్టుకొన్న సంగతి కనిపించదు. అక్కడి అక్టోబరు సగటు వంద మిల్లీమీటర్ల దరిదాపు. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో ఒక్క దినంలోనే బేగంపేటలో 190 మిల్లీమీటర్లకు పైగా కురిసినది. అరటి గెలను విరిచివేసే గాలి గ్రాఫులో ఉండదు. ఒకే 37 డిగ్రీలు హైదరాబాదులో పొడిగా మండితే, అమలాపురంలో ఉప్పగాలితో కలిసి ఒళ్లంతా చెమట పట్టించి ఊపిరి సలపనీయదు. ఆ ఉక్క కూడా గ్రాఫులో ఉండదు. ఇక ఆ సగటులే మారుతున్నాయి. వాతావరణ శాఖవారు 1981–2010 నాటి సగటులను ప్రక్కకు పెట్టి 1991–2020 నాటి సగటులను వాడుకలోకి తెచ్చారు. 2015 మే నెలలో ఉభయ తెలుగు రాష్ట్రాలలో వడగాడ్పులకు రెండువేలమందికి పైగా మరణించారు. 2024వ సంవత్సరం ప్రపంచంలో అంతవరకు నమోదైన ఏండ్లలోకెల్లా వేడి సంవత్సరంగా తేలినది. తాతల నాటి గ్రాఫునే నమ్ముకొని మనుమలు పంట వేయలేరు. అందుచేతనే కొలత ఒకసారి చేసి వదిలేది కాక, ఏటేటా కొనసాగవలసిన వ్రతం.

“ఇప్పుడు చేతిలోని ఫోనులో ప్రపంచమంతటి ఎండావానా కనిపిస్తుంటే గ్రాఫు కాగితం ఎందుకండీ?” అని విద్యార్థులు అడుగుతారు. ప్రశ్న సమంజసమే. ఫోను రేపటి వాన చెబుతుంది. రేపటి వాన వాతావరణం. ముప్పై ఏండ్ల వాన శీతోష్ణస్థితి. గొడుగు పట్టుకోవాలా అన్నది మొదటిదాన్ని బట్టి నిర్ణయించుకుంటాము. ఏ పంట వేయాలి, ఇంటి అరుగు ఎంత ఎత్తున కట్టాలి, మురుగుకాలువ ఎంత వెడల్పు తవ్వాలి అన్నవి రెండవదాన్ని బట్టి నిర్ణయించాలి. పైగా ఎవరో కొలిచిన అంకెను చూచేవాడికీ, స్వయంగా కొలిచినవాడికీ తేడా ఉన్నది. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేలపై ఒక లీటరు నీరు. ఎకరాపై నాలుగువేల లీటర్లకు పైగా. ఈ లెక్కను గాజుగొట్టంలో తన కంటితో చూచిన విద్యార్థి, మన ఊరిలో ఎకరాపై ఏటా పడే నలభై లక్షల లీటర్లకు మించిన నీటిలో ఎంత నిలుపుకుంటున్నాము, ఎంత మురుగుకు వదులుతున్నాము అని తప్పక అడుగుతాడు.

కావున కళాశాల పాలకవర్గం వారికి నా విన్నపం ఇది. మన పాఠ్యపుస్తకాలలో ఢిల్లీ, చెన్నై, లేహ్ వంటి దూరపు ఊళ్ల గ్రాఫులు ఉన్నాయి. రావులపాలెం గ్రాఫు లేదు. దానిని మన కళాశాలే తయారుచేయవచ్చును. ఆవరణలో చెట్లకు, గోడలకు వాటి ఎత్తుకు రెట్టింపు దూరంలో, బహిరంగ స్థలంలో ఒక వర్షమాపకం పాతించాలి. నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే జల్లిపలకల తెల్లని పెట్టెలో గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణమాపకాలు అమర్చాలి. రోజూ ఉదయం 8.30 గంటలకు, వాతావరణ శాఖవారు కొలిచే వేళకే, ఇద్దరు విద్యార్థులు కొలత చూచి రిజిస్టరులో వ్రాయాలి. సెలవులలో కూడా ఆ పని ఆగరాదు. వాన మన సెలవులను పాటించదు. ఇందుకయ్యే ఖర్చు ఒక వార్షికోత్సవంలో పందిరికీ, మైకులకూ అయ్యే ఖర్చును మించదని నా నమ్మకం. ఏటా ఈ సంచికలో ఒక పుట కేటాయించి, ఆ ఏటి గ్రాఫును తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చువేయాలి. పక్కన కాకినాడ, నాగపూరు, జగదల్‌పూరు, కువైట్ గ్రాఫులు ఒకే కొలతతో ఉండాలి. మండల కార్యాలయంలో ఉన్న పాత వర్షపాత లెక్కలను అడిగి తెచ్చి, వాటితో సరిచూడాలి.

విద్యార్థి మిత్రులారా, ఈ పనికి భూగోళశాస్త్రంలో పట్టా అక్కరలేదు. వాణిజ్యశాస్త్ర విద్యార్థి అరటి ధరలను నెలనెలా వ్రాసి గ్రాఫు అడుగున అంటించవచ్చు. జీవశాస్త్ర విద్యార్థి కొబ్బరి తెగుళ్లు ఏ నెలలో ప్రబలుతున్నవో గుర్తించవచ్చు. ఉర్దూ, తెలుగు విద్యార్థులు తమ ఇళ్లలోని పెద్దల నోట కార్తెల సామెతలను, వానల పేర్లను సేకరించవచ్చు. ముప్పై ఏండ్లు నిండితే గాని సగటు సంపూర్ణం కాదని శాస్త్రజ్ఞులు అంటారు. అంటే మీరు ఈ జూన్‌లో వ్రాసే మొదటి అంకె ఫలాన్ని మీ బిడ్డలు ఇదే కళాశాలలో చదువుకుంటారు. అక్టోబరు కమ్మీ ఎంత పెరిగినదో, మృగశిర ఎంత ఆలస్యమైనదో వారు అడిగినప్పుడు, సమాధానం ఒక రిజిస్టరులో ఉండాలి. ఆ రిజిస్టరు మొదటి పుట ఈ ఏడాదే తెరవాలని నా కోరిక.